నూటడెబ్బై దరఖాస్తులు

జాతీయ ఫుట్‌బాల్ జట్టు వరుసగా ఓడుతున్నప్పుడు మార్చడానికి వీలుగా కనబడే మనిషి ఒక్కడే ఉంటాడు, అతడు ప్రధాన కోచ్. ఉన్న ఆటగాళ్లందరినీ ఇంటికి పంపితే వారి స్థానంలో ఆడగలవారు దొరకరు. సమాఖ్య కార్యవర్గం ఎన్నికలతో ఏర్పడేది, ఆ ఎన్నికల్లో అభిమానికి ఓటు లేదు. పిల్లలు ఆడుకోవడానికి మైదానాలు లేకపోవడం వంటి లోపాలు ఎవరి రాజీనామాతోనూ తీరేవి కావు. కోచ్ మాత్రం ఒప్పందం మీద వచ్చినవాడు గనుక ఒప్పందం రద్దయితే వెళ్లిపోతాడు. అతడు వెళ్లిన నాటి నుంచి కొత్తవాడు వచ్చేవరకు గడిచే నాలుగైదు వారాలే అభిమానులకు అసలైన పండుగ రోజులంటే అతిశయోక్తి కాదు, ఎందుకంటే ఆ రోజుల్లో జట్టు ఓడిపోయే ప్రమాదం లేదు, పైగా ఎవరికి నచ్చిన కోచ్‌ను వారు ఆ కుర్చీలో కూర్చోబెట్టుకుని తృప్తి పడవచ్చు.

భారత ఫుట్‌బాల్ అభిమానులకు 2025 జులై అటువంటి నెల. స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ ఎనిమిది మ్యాచ్‌లలో ఒకే ఒక్క విజయంతో ఆ నెల మొదట్లో పదవి నుంచి వైదొలగగా, ఖాళీ అయిన స్థానానికి 170 దరఖాస్తులు వచ్చాయని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వెల్లడించింది. వాటిలో బార్సిలోనా క్లబ్బుకు ఒకప్పుడు ఆటగాడిగానూ తర్వాత కోచ్‌గానూ పనిచేసిన చావి హెర్నాండెజ్ పేరు కూడా ఉందన్న వార్త బయటికి రావడంతో, అంత పెద్దవాడికి జీతం ఎవరిస్తారు, అతడు నేర్పే సున్నితమైన పాసుల ఆట మన ఎగుడుదిగుడు మైదానాల మీద సాగుతుందా అన్న చర్చ ఎంతో గంభీరంగా నడిచింది. చావి పేరుతోనూ, మరో ప్రసిద్ధ కోచ్ పెప్ గ్వార్డియోలా పేరుతోనూ వచ్చిన ఈమెయిళ్లు నిజమైనవి కావని సమాఖ్యే తరువాత తేల్చి చెప్పింది. అప్పటిదాకా చావి జీతం లెక్కలు వేసినవారే ఆ సంగతి తమకు ముందే తెలుసునని చెప్పుకున్నారు. అభిమానికి ఉండే హక్కుల్లో ఇదీ ఒకటిగా లెక్కించవలసిందే.

చివరికి నిలిచిన ముగ్గురి మీద జరిగిన వాదన మరింత విలువైనది. వారిలో మొదటివాడైన స్టీఫెన్ కాన్‌స్టాంటైన్ అంతకుముందు రెండు విడతలుగా భారత జట్టును నడిపిన ఇంగ్లాండు వాడు. 2015లో ప్రపంచ ర్యాంకింగులో 173వ స్థానంలో ఉన్న జట్టు అతని హయాంలో 2017 జులై నాటికి 96కు చేరింది. రెండవవాడు, 2021లో జరిగిన యూరో పోటీల్లో స్లొవాకియాను నడిపిన స్టెఫాన్ తార్కోవిచ్. మూడవవాడు ఖాలిద్ జమీల్. సమాఖ్యలో ఆటకు సంబంధించిన సలహాలిచ్చే సాంకేతిక కమిటీకి అప్పుడు అధ్యక్షుడు ఒకనాటి స్ట్రైకర్ ఐ.ఎం. విజయన్, ఆ కమిటీ పరిశీలించిన పేర్లలోంచి కార్యవర్గం ఆగస్టు 1న జమీల్‌ను ఎంపిక చేసింది. 2012లో సావియో మెదీరా తప్పుకున్న తరువాత పదమూడేళ్లకు ఒక భారతీయుడికి ఆ పదవి దక్కింది.

జమీల్ వైపున నిలిచినవారికి బలమైన సాక్ష్యం ఉంది. మిజోరం రాజధానికి చెందిన ఐజ్వాల్ జట్టు, డబ్బున్న క్లబ్బుల నడుమ దాదాపు ఎవరి లెక్కలోనూ లేని జట్టు, 2016-17 ఐ-లీగ్‌లో అతని శిక్షణలోనే విజేతగా నిలిచింది. 2020-21 ఇండియన్ సూపర్ లీగ్‌లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌ను మధ్యలో తాత్కాలిక కోచ్‌గా చేపట్టి, లీగ్ దశ దాటిన తొలి భారతీయ కోచ్‌గా దాన్ని సెమీఫైనల్ వరకు తీసుకెళ్లాడు. ఎదుటిపక్షం వారు ఈ ఫలితాలను కాదనలేదు గాని, వాటిని సాధించిన తీరు తమకు రుచించదన్నారు. అతని జట్లు తరచుగా లో బ్లాక్ అనే పద్ధతిలో ఆడతాయి, అంటే బంతి ప్రత్యర్థి దగ్గర ఉన్నంతసేపూ పదకొండుమందీ తమ గోల్ ముందరి భాగంలోకి దిగి వరుసలు కట్టి నిలబడి, బంతి చిక్కగానే పొడుగాటి పాసుతో ఎదురుదాడికి పోతాయి. చూడడానికి అందంగా లేని ఆటతో గెలవడం మేలా, అందమైన ఆటతో ఓడడం మేలా అన్న ఈ తగవు ప్రపంచంలో ఫుట్‌బాల్ ఉన్న ప్రతిచోటా ఉన్నదే. అయితే కొంతకాలంగా అందమూ గెలుపూ రెండూ ఎరగని జట్టు విషయంలో దాన్ని ఇంత పట్టుదలగా వాదించుకోవడంలో కొంత వినోదం లేకపోలేదు. సమాఖ్య ఖజానా ఖాళీ గనుకనే తక్కువ ఖర్చుకు వచ్చే స్వదేశీ కోచ్ గుర్తొచ్చాడన్న మాట కూడా వినబడింది, అయితే అది కోచ్ యోగ్యతకు సంబంధించిన వాదన కాదు.

స్వదేశీ, విదేశీ అన్న తర్కం మొదలైతే హైదరాబాదు పేరు రాకుండా పోదు. సయ్యద్ అబ్దుల్ రహీం, పాతతరం వారి నోట రహీం సాబ్, వృత్తిరీత్యా హైదరాబాదులో ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో కాన్సర్‌తో మరణించే వరకు భారత జట్టుకు శిక్షణనిచ్చినవాడు. 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన కాలంలో వచ్చినవే. మన కోచ్ అప్పట్లో చేసి చూపినది ఇప్పుడెందుకు సాధ్యం కాదని స్వదేశీ పక్షం వాదిస్తుంది. ఆ రోజులు వేరు, ఆసియాలో పోటీ వేరని విదేశీ పక్షం కొట్టివేస్తుంది. రహీం భారతీయుడు కావడం ఆయన విజయాలకు ఎంతవరకు కారణమో ఈ రెండు పక్షాల్లో ఎవరూ విచారించినట్టు కనబడదు.

విచారిస్తే బయటపడేది ఆటగాళ్లతో గడపడానికి కోచ్‌కు దొరికే సమయానికి సంబంధించిన విషయం. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలుచుకున్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కూడా రహీమే కోచ్. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి పోలీసు జట్టు ఆటగాళ్లు జాతీయ జట్టులోనూ ఆడేవారు గనుక, ఆయన తన పద్ధతిని వారికి ఏడాది పొడవునా నేర్పగలిగాడు. నగర ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే కావడంతో, డ్రిబ్లింగ్ నిషేధించి పాసులతోనే ఆడించే పోటీలను, బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలసిన పోటీలను పిల్లలకు పెట్టి, జట్టు అవసరాలకు తగిన ఆటగాళ్లను జట్టు కన్నా ముందే తయారుచేసుకున్నాడు. అంతకన్నా గమనించదగినది హెల్సింకీ సంగతి. 1952 ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడింది. అప్పుడూ కోచ్ రహీమే. ఈనాడైతే ఆ రాత్రికే ఆయన స్థానానికి దరఖాస్తులు మొదలయ్యేవి. ఆనాడు పదవి నిలిచింది, వట్టికాళ్లతో ఆడే అలవాటు పోయి బూట్లు వచ్చాయి, మైదానంలో ఆటగాళ్లు నిలబడే తీరు మారింది, నాలుగేళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌లో అదే యుగోస్లావియాను ఎదుర్కొన్నారు. ఆ మ్యాచ్‌లోనూ 1-4తో ఓడిన మాట నిజమే గాని, ఆ రెండు ఓటముల మధ్య ఉన్న దూరమే రహీం చేసిన పని.

మార్కెజ్ ఉదంతం ఇదే సంగతిని తలకిందులుగా చూపిస్తుంది, దానికీ హైదరాబాదుతోనే ముడి ఉంది. 2021-22 సీజన్‌లో అతడు హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చిపెట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్ 1-1తో ముగిశాక, షూటవుట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపడంతో కప్పు దక్కింది. కరోనా కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే, బయటివారితో కలవనివ్వకుండా జట్లను హోటళ్లలో ఉంచి నడిపిన పోటీ అన్నది ఇక్కడ మరవరాదు. అంటే ఆ నెలల్లో కోచ్‌కూ ఆటగాళ్లకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం తప్ప మరో వ్యాపకం లేదు. అదే మార్కెజ్ 2024లో జాతీయ కోచ్‌గా గచ్చిబౌలి మైదానానికి తిరిగివచ్చి, మారిషస్‌తో 0-0గా, మలేషియాతో 1-1గా డ్రా చేసుకుని, సిరియా చేతిలో 0-3తో ఓడాడు. నగరానికి కప్పు తెచ్చినవాడు నగరంలో జాతీయ జట్టుతో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అతడు గోవా క్లబ్బు బాధ్యత కూడా మోస్తూ ఉండడమే ఇందుకు కారణమని చాలామంది నిందించారు, ఆ నింద పూర్తిగా అబద్ధమేమీ కాదు. కానీ రహీం కూడా రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడే. తేడా ఏమిటంటే ఆయన ఎక్కిన రెండు పడవల్లోనూ చాలావరకు అదే మనుషులు ఉండేవారు.

ఈనాటి జాతీయ కోచ్‌కు దొరికే సమయం అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా నిర్ణయించినది. ఏడాదిలో కొన్ని నెలల్లో (2025లో మార్చి, జూన్, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్) కొద్ది రోజుల చొప్పున విండో అనే వ్యవధులు ఉంటాయి; ఆ రోజుల్లో మాత్రమే క్లబ్బులు తమ ఆటగాళ్లను దేశానికి అప్పగించి తీరాలి, ఆ గీత దాటితే అప్పగించడం వారి దయ. ఒక్కో విండోలో ప్రయాణాలూ మ్యాచ్‌లూ పోగా సాధనకు మిగిలే రోజులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. జమీల్ మొదటి పోటీ అయిన మధ్య ఆసియా నేషన్స్ కప్ 2025 ఆగస్టు 29న, అంటే విండో తెరుచుకోక ముందే మొదలైనందున, మోహన్ బగాన్ క్లబ్బు తన ఆటగాళ్లను పంపడానికి నిరాకరించింది. అంతకన్నా పెద్ద విడ్డూరం, అతని నియామకం గురించి దేశమంతా తర్కించుకుంటున్న ఆ వారాల్లో అసలు ఇండియన్ సూపర్ లీగే నిర్వాహకుల ఒప్పందం తేలక నిలిచిపోయి ఉంది. ఏ లీగ్ నుంచి ఆటగాళ్లను ఎంచుకోవాలో ఆ లీగ్ జరుగుతుందో లేదో తెలియని చోట, ఎంచుకునేవాడు స్వదేశీయుడా విదేశీయుడా అన్నదే ప్రధాన ప్రశ్న అయింది. హైదరాబాద్ అభిమానులకైతే అంతటితో ఆగలేదు. అప్పులతో చితికి చేతులు మారిన వారి క్లబ్బు కొద్ది నెలల్లో ఢిల్లీకి తరలిపోయింది.

అభిమానులకు ఇదంతా తెలియదని అనుకోవడం పొరపాటు. సూపర్ లీగ్ క్లబ్బులు స్ట్రైకర్ స్థానాన్ని తరచుగా విదేశీయులకే ఇస్తాయి గనుక, భారత జట్టు స్ట్రైకర్ సునీల్ ఛెత్రి తరువాత గోల్ కొట్టేవాడు తయారు కాలేదన్న వాస్తవాన్ని సమాఖ్య పెద్దల కంటే ముందు, వారి కంటే స్పష్టంగా చెబుతూ వచ్చినవారు అభిమానులే. వారి వాదనల్లో జ్ఞానానికి లోటు లేదు, ఆ జ్ఞానం చివరికి ఒక పేరు దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. పేరు మీద పందెం కాయవచ్చు, లీగ్ క్యాలెండర్ మీద కాయలేరు.

జమీల్ కథ తొలి పోటీ అయిన ఆ నేషన్స్ కప్‌లోనే అతని సమర్థకులకు ఊపిరి పోసింది. తజికిస్తాన్‌ను దాని సొంత గడ్డ మీద 2-1తో ఓడించి, ఇరాన్‌కు 0-3తో తలవంచి, చివరికి షూటవుట్‌లో ఒమన్‌ను 3-2తో గెలిచి జట్టు మూడవ స్థానం దక్కించుకుంది. ప్రత్యర్థికి బంతిని వదిలి గోల్‌ను కాపాడుకునే ఆ పద్ధతినే అప్పుడు వివేకమని మెచ్చుకున్నారు. అక్టోబర్‌లో ఆసియా కప్ అర్హత పోటీల్లో సింగపూర్‌తో అక్కడ 1-1తో సరిపెట్టుకుని, ఇక్కడ ఫటోర్డాలో ముందు గోల్ కొట్టి కూడా 1-2తో ఓడి 2027 ఆసియా కప్ ఆశ పోగొట్టుకున్నప్పుడు అదే పద్ధతికి పిరికితనమన్న పేరు వచ్చింది. నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో ఇరవై రెండేళ్ల తరువాత మొదటిసారి, 0-1తో, ఓడాక విదేశీ కోచ్ కావాలన్న గొంతులు మళ్లీ బలపడ్డాయి, రహీం పేరు మళ్లీ వచ్చింది. అప్పటికి తరువాతి విండో మరుసటి మార్చిలో. ఈలోగా నాలుగు నెలల పాటు ఆటగాళ్లను పిలిపించుకునే అధికారం జమీల్‌కు లేకపోయింది, అతని స్థానంలో మరెవరు కూర్చున్నా వారికీ ఉండేది కాదు.