ఎండాకాలం కబుర్లు: ఏడాది సరుకు వేళ

బజారు నిండా మామిడికాయలు దిగాయి. విజయవాడ పటమట రైతుబజారు దగ్గర ఆవకాయ ముక్కలు కొట్టేవాళ్ల చుట్టూ పొద్దున్నే జనం మూగుతున్నారు. రోహిణి కార్తె ఇంకా రాలేదు, అప్పుడే గోడలు సెగలు కక్కుతున్నాయి. ఒకపక్క పెళ్లిళ్లు, ఇంకోపక్క సెలవులకు పుట్టిళ్లు చేరిన ఆడపిల్లలు, పిల్లలు, వాటి వెనకాలే కరెంటు బిల్లు, ఆ పైన జూన్‌లో బడి ఖర్చు. ఇంటి లెక్క రాసేవాళ్లకు ఏడాదిలో అన్నిటికంటే కష్టమైన నెలలు ఇవే. అయితే మిగతా నెలల ఖర్చు తగ్గించే వీలున్నదీ ఇప్పుడే. చింతపండు, మిర్చి, పప్పు, ఉల్లి, మామిడి, అన్నీ సంక్రాంతి వెళ్లాక ఒకదాని వెనక ఒకటి కొత్తవి వచ్చి, ఈ ఎండలకే ఎండి, డబ్బాల్లోకి, జాడీల్లోకి చేరాలి.

ఏడాది సరుకు ఒకేసారి కొనుక్కుంటే కలిసొస్తుందని మన అమ్మమ్మల నాటి నుంచీ వింటున్నాం. మా వీధిలో జాకెట్లు కుట్టే ఒకామె ఆ మాటకు నాకిచ్చిన జవాబు మనసులో నిలిచిపోయింది. "అక్కా, కలిసొస్తుందని నాకూ తెలుసు. అంత డబ్బు ఒక్కసారి నా చేతికి ఎప్పుడొస్తుంది చెప్పు? పావుకిలో పావుకిలో తెచ్చుకోబట్టే ఇల్లు నడుస్తోంది" అంది. ఆమె చెప్పింది నిజం. పావుకిలో కొనేవాళ్లు కిలోకు ఎక్కువ కడుతున్నారు, మణుగుల్లో కొనేవాళ్లు తక్కువ కడుతున్నారు. డబ్బు తక్కువున్న ఇంటికే సరుకు ఎక్కువ ధరకు దొరుకుతోంది. పొదుపు గురించి చెప్పేవాళ్లు ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

దీనికి మా వీధిలో ఆడవాళ్లం కలిసి పట్టుకున్న దారి నెలకొక్క సరుకు. సంక్రాంతి దాటాక కొత్త కంది వస్తుంది, ఆ నెలలో పప్పు మాత్రమే. శివరాత్రి అటూ ఇటూగా కొత్త చింతపండు. ఉగాది రోజుల్లో మిర్చి. ఏప్రిల్‌లో ఉల్లిపాయలు. మేలో ఆవకాయ. నాలుగిళ్లవాళ్లం కలిసి బస్తాగా కొని, ఒకరింటి వసారాలో తూచి పంచుకుంటాం. ఏ నెలా ఒక్క సరుకుకు మించి మోయక్కర్లేదు. ఇంతకుముందు టోకు బజారుకు ఆటోలో పోయి వస్తే మిగిలిందంతా ఆటో బాడుగకే పోయేది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు కాబట్టి ఆ చిక్కు కూడా తీరింది. సంచీలో ఆధార్ కార్డు మరిచిపోకండి.

చింతపండు పిక్క తీసింది, తీయంది వేరువేరు ధరలకు అమ్ముతారు. పిక్కతో ఉన్నదే తెచ్చుకుని, సాయంత్రాలు కబుర్లు చెప్పుకుంటూ పిక్క, ఈనె తీసేసుకుంటే ఆ కూలి మనకే మిగులుతుంది. ఒక ఎండ చూపించి, పొరపొరకూ కాస్త కల్లుప్పు చల్లి జాడీలో అదిమి పెడితే ఏడాది గడుస్తుంది. రేకు డబ్బాలో మాత్రం వద్దు, పులుపు డబ్బాను తినేస్తుంది. కందిపప్పుకు కొంచెం ఆముదం పట్టించి ఎండబెడితే పురుగు దగ్గరికి రాదు, వండేటప్పుడు కడిగితే ఆ జిడ్డు పోతుంది. బియ్యంలో ఎండిన వేపాకు వేసుకోవచ్చు.

మిర్చి విషయంలో ఆలస్యం చేసినవాళ్లు తొందరపడాలి. గుంటూరు యార్డుకు మే నెలలో వేసవి సెలవులు ఇస్తారు, ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీ సరుకే దిక్కు. ఘాటు కావాలంటే తేజ, రంగు కావాలంటే బ్యాడిగి, రెండూ కలిపి పట్టించుకునేవాళ్లు మా వీధిలో ఎక్కువ. కాయ గలగలమనేదాకా ఎండబెట్టి, తొడిమ తీసి, మర దగ్గర మన ఎదురుగా పట్టించుకుంటే రంగు కలిపారేమోనన్న బెంగ ఉండదు. కారం వేడి చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి ముద్దకడుతుంది.

ఉల్లిపాయల సంగతి చాలామంది పట్టించుకోరు. ఎండాకాలంలో వచ్చే రబీ ఉల్లి నిలవ ఉంటుంది, వానాకాలం పంట ఉండదు. దసరా, దీపావళి రోజుల్లో ధర పైకెళ్లడం మనం చూస్తున్నదే. ఇప్పుడు మెడ బాగా ఎండిన పాయలు ఏరుకుని, గాలాడే చోట పలచగా పరిచి, వారానికోసారి మెత్తబడ్డవి తీసేస్తూ ఉంటే వానాకాలమంతా గడిచిపోతుంది. టమాటాదీ ఇదే తీరు. మార్చిలో రోడ్డు మీద పారబోసే కాయ, 2023 జూలైలో కిలో వంద దాటింది. చవగ్గా ఉన్నప్పుడు నిలవ పచ్చడి పెట్టుకున్న ఇంటికి ఆ నెల బాధ తెలియలేదు.

ఆవకాయలో ఖర్చంతా నూనెది. పప్పునూనె ధర చూసి ఈ ఏడు సగమే పెడదామనుకుంటున్నవాళ్లకు నా మాట: కాయలు తగ్గించుకోండి, నూనె తగ్గించకండి. ముక్క మీద నూనె తేలకపోతే బూజు పట్టి మొత్తం పోతుంది. ముక్క తడి లేకుండా తుడవడం, టెంక పొర తీయడం, మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూసుకోవడం, ఈ మూడింటికీ డబ్బు అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు. కూర లేని పూట ముద్దపప్పు, ఆవకాయ ఉంటే పిల్లలు కడుపునిండా తింటారు. ఏడాదిలో అలాంటి పూటలు ఎన్ని ఉంటాయో లెక్కేస్తే ఆ జాడీ విలువ తెలుస్తుంది.

మేడ మీద పాత చీరలు పరిచే కాలం కూడా ఇదే. సగ్గుబియ్యం వడియాలు, పిండి వడియాలు ఎవరైనా పెడతారు. నాకు ఊరమిరపకాయలంటే గౌరవం ఎక్కువ. ఎండకు పులిసిపోయిన పెరుగు ఏం చేయాలో తోచక పారబోసే రోజుల్లో, ఆ పెరుగులోనే ఉప్పు కలిపి, గాటు పెట్టిన మిరపకాయలు వేసి, రాత్రి నానబెట్టి పగలు ఎండబెడతాం. పెరుగంతా కాయల్లోకి ఇంకిపోతుంది, చుక్క పోదు. బీరకాయ చెక్కు పచ్చడి అందరికీ తెలిసిందే. పుచ్చకాయ ఎర్రది తిన్నాక మిగిలే తెల్ల భాగం దోసకాయలాగే పప్పులోకి వస్తుంది, దోసెల పిండిలో రుబ్బుకున్నా బావుంటుంది. పనస తొనలు తిని గింజలు పారేయకండి, తోటకూర పులుసులో వేస్తే ఆ పూటకు వేరే కూర అక్కర్లేదు. గంజి వార్చుకునే ఇళ్లలో నేత చీరలకు పెట్టే గంజి పొడి కొనాల్సిన పని లేదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి పొద్దున్నే మజ్జిగ, ఉల్లిపాయతో తినడం ఈ ఎండలకు ఒంటికీ మంచిది, గ్యాసుకూ మంచిది.

చేపలు తినేవాళ్లకు ఒక కబురు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల మీద సముద్రం వేట నిషేధం. గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం మంచికే. ఈ రోజుల్లో సముద్రపు చేప అరుదు, దొరికినా ప్రియం. ముందే తెచ్చుకున్న ఎండు నెత్తళ్లు, రొయ్యపొట్టు ఇప్పుడు బయటికి తీయాలి. రొయ్యపొట్టు, పుల్ల మామిడికాయ కూరకు ఇంతకంటే మంచి కాలం లేదు. మృగశిర కార్తె మొదటి రోజు అందరూ చేపల బజారు మీద పడతారు. ఆ రోజు ధర చూసి గుండె గుభేలుమంటుంది. ఆనవాయితీ కోసం పులుసుకు సరిపడా తెచ్చుకుని, మిగతా ముచ్చట నాలుగు రోజులాగి తీర్చుకుంటే సరిపోతుంది.

ఇక కరెంటు. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లలో సరిపెడుతుంది. ఈ ఎండల్లో రోజుకు 20 గంటలు తిరుగుతుందనుకుంటే పాతదానికి యూనిట్టున్నర, కొత్తదానికి 0.6 యూనిట్లు. నెలకు ఒక్క ఫ్యాను మీద 27 యూనిట్లు తేడా. అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, ఎక్కువ తిరిగే ఫ్యాను ఒక్కటి మార్చి చూడండి. ఏసీ ఉన్నవాళ్లు 24 డిగ్రీల కిందికి దించొద్దు. ఒక్కో డిగ్రీ పైకి పెట్టినకొద్దీ దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్రం వారి బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. పై అంతస్తువాళ్లు మేడ మీద తెల్లటి సున్నం కొట్టించుకుంటే ఇల్లు చల్లబడుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే. అక్కడ గృహజ్యోతి ఉచిత కరెంటు పొందుతున్న ఇళ్లు మాత్రం నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవాలి. 200 యూనిట్లు దాటితే మొత్తానికీ బిల్లు వస్తుంది.

పెళ్లిళ్ల గురించి ఒక్క మాట. చదివింపులకు అప్పు చేయకండి. పిలిచినవాళ్లకు మనం రావడం ముఖ్యం. ఎవరెంత చదివించారో పాత పుస్తకం తీసి చూసుకుని, మన శక్తికి తగ్గట్టు ఇచ్చి, కడుపారా దీవించి రావచ్చు.

బడులు తెరిచేలోగా పిల్లల పాత నోటు పుస్తకాలు ముందేసుకుని కూర్చోండి. ప్రతిదాంట్లోనూ వెనక పది పదిహేను తెల్ల కాగితాలు మిగిలే ఉంటాయి. అవి తీసి, అంచులు సరిచేసి, దబ్బనంతో లావు దారం కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేస్తే లెక్కలకు రఫ్ పుస్తకం తయారు. పిల్లలతోనే కుట్టించండి, వాళ్లకదో సరదా. గైడ్లు, పాఠ్యపుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాదులో ఆదివారం పూట అబిడ్స్ పేవ్‌మెంట్ల మీదో సగం ధరకు దొరుకుతాయి. సిలబస్ మారిందో లేదో మాస్టారిని అడిగి మరీ కొనండి.

ఇన్ని చెప్పాను కానీ ఒక్క చోట పొదుపు కూడదని గట్టిగా నమ్ముతాను. పిల్లల పాలు, గుడ్డు, పెద్దవాళ్ల మందులు, ఇంటి ఆడమనిషి కంచం. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం, కూర చాలకపోతే పచ్చడితో సరిపెట్టుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు అలవాటైపోయింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇల్లు నడిపే మనిషి నీరసపడితే ఆస్పత్రి ఖర్చు ముందు ఈ మిగిల్చినదంతా ఏ మూలకు?

మనవాళ్లకు కలిసి కూడబెట్టడం కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా నడిచింది. సారాకు పోయే డబ్బు ఆగాక ఆ జిల్లా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ఈనాటి డ్వాక్రా సంఘాలకు బలమిచ్చింది ఆ రూపాయే. చీటీ వేసేవాళ్లు మాత్రం 1982 చట్టం కింద రిజిస్టరైన చోటే వేయండి. తెలిసినవాళ్లే కదా అని కాగితం లేకుండా కట్టిన డబ్బుకు రేపు అడిగే దిక్కుండదు.

కొత్త కందిపప్పు మళ్లీ సంక్రాంతి దాటాకే వస్తుంది. మీ వీధిలో నమ్మకస్తులైన ముగ్గురు నలుగురిని ఈ నెలలోనే కూడగట్టి, ఇప్పటి నుంచే నెలకు ఇంటికి వంద చొప్పున పక్కన పెట్టడం మొదలెట్టండి. పావుకిలో కొనుక్కునే అమ్మాయి ఎవరైనా మీ వీధిలో ఉంటే, మొదట ఆమెనే పిలవండి.