కొండ యాడికీ పోదు

వత్రాప్ అనే ఊరి పేరు మీలో చాలామంది విని ఉండరు. తమిళంలో వత్తిరాయిరుప్పు అని రాస్తారుగానీ, పిలుపులో అందరికీ వత్రాపే. విరుదునగర్ జిల్లాలో పడమటి కనుమల పాదాల దగ్గర ఉన్న చిన్న పట్టణం. మా కోవిల్‌పట్టి నుంచి వెళ్లాలంటే సాత్తూరు, శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు దాటి, కృష్ణన్‌కోయిల్ దగ్గర మదురై రోడ్డు వదిలి కొండలవైపు తిరగాలి. అంతవరకు బస్సు కిటికీలోంచి కనిపించేది నల్లరేగడి, తుమ్మచెట్లు, అగ్గిపెట్టెల కార్ఖానాలు, బాణసంచా షెడ్లు. ఆ మలుపు తిరిగిన కాసేపటికి వరిమళ్లు, కొబ్బరితోటలు మొదలవుతాయి. వాటి వెనక గోడ కట్టినట్టు కొండలు. ఈ పచ్చదనమంతా ఆ కొండల పుణ్యమే. అక్కడ కురిసిన వాన వాగులై దిగి పిలవక్కల్ దగ్గరున్న పెరియారు, కోవిలారు ఆనకట్టల్లోకీ, ఊరి చుట్టూ ఉన్న చెరువుల్లోకీ చేరుతుంది.

తెలుగువాళ్లకు ఈ ప్రాంతం కొత్తదేమీ కాదు. రాయలవారి ఆముక్తమాల్యద కథ జరిగిన విల్లిపుత్తూరు ఈ శ్రీవిల్లిపుత్తూరే. రాజపాళయంలో రాజులు, కోవిల్‌పట్టి చుట్టుపక్కల కమ్మవారు, ఇంకా ఎందరో తరతరాలుగా ఇక్కడే ఉన్నారు. మా కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. తెలుగువాళ్లు దక్షిణాదికి వలస వచ్చిన కథను ఆయన తమిళంలో నవలగా రాశారు. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వత్రాప్‌లో మా మామగారింట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు. మన పిల్లలు వింటే నవ్వుతారేమోగానీ, ‘ఉండాది’, ‘యాడికి’ అనే ఆ మాటలు వినగానే నాకు సొంతింటికి వచ్చినట్టుంటుంది.

అయితే పోయిన సంవత్సరం నేను అక్కడికి వెళ్లింది చుట్టపుచూపుకు కాదు. మోకాలు బాగుచేసుకోవడానికి.

కోవిల్‌పట్టి అనగానే బయటివాళ్లకు వేరుశనగ చిక్కీ గుర్తొస్తుంది. మాకు మాత్రం హాకీయే. నలభై ఆరేళ్లు వచ్చినా ఆదివారం పొద్దున పాతవాళ్లమంతా కర్రలు పట్టుకుని మైదానంలో దిగేవాళ్లం. అలాంటి ఒక ఆదివారం, కుడికాలు నేలలో నాటుకుని ఉండగానే ఒళ్లు పక్కకు తిరిగింది. లోపల పుల్ల విరిగినట్టు చప్పుడైంది. సాయంత్రానికి మోకాలు బూడిదగుమ్మడికాయలా వాచింది. తర్వాత వాపు తగ్గిందిగానీ, నడుస్తూ నడుస్తూ ఉండగా తలుపుకు గొళ్లెం పడినట్టు కాలు పట్టేసేది.

మనం ‘మోకాలి గుజ్జు’ అని ఒక్క మాటతో అనేస్తాం. నిజానికి లోపల రెండు రకాలున్నాయి. ఎముకల చివర నున్నగా పరుచుకుని ఉండేది ఒకటి. రెండు ఎముకల మధ్య మెత్తల్లా, నెలవంక ఆకారంలో లోపలివైపు ఒకటీ బయటివైపు ఒకటీ ఉండేవి రెండోరకం. వీటిని డాక్టర్లు మెనిస్కస్ అంటారు. నాకు చిరిగింది ఈ మెత్త. దీనికి బయటి అంచు వరకే రక్తం బాగా అందుతుంది, లోపలి భాగానికి దాదాపు అందదు. అందుకని లోపలి వైపు చిరిగితే మామూలుగా ఆ ముక్కను కత్తిరిస్తారు, అంచు దగ్గర చిరిగితే కుట్టవచ్చు. నా అదృష్టం కొద్దీ చిరుగు అంచులో పడింది.

రెండు చిన్న రంధ్రాలు చేసి, ఒకదానిలోంచి గొట్టం పెట్టి చూస్తూ, రెండోదానిలోంచి పని ముగించారు. మోకాట్లోకి ఇలా గొట్టంతో తొంగిచూడవచ్చని 1918లో టోక్యోలో తకాగి అనే డాక్టరు మొదట చూపించారట. ఆ దారిలోనే 1962లో వతనాబె చిరిగిన మెత్తను గొట్టం ద్వారా కత్తిరించి తీశారు. అంతకుముందు మోకాలంతా కోసి తెరిచేవారు. ఇప్పుడు మర్నాడే ఇంటికి పంపేశారు. గాయం అంత చిన్నగా ఉండడంతో జబ్బు కూడా చిన్నదే అనుకున్నాను. నా మొదటి పొరపాటు అదే.

కత్తిరించినవాళ్లు త్వరగానే నడుస్తారు. కుట్టించుకున్నవాళ్లకు అలా కుదరదు. 6 వారాలు ఊతకర్రలు. మోకాలిని 90 డిగ్రీలకు మించి మడవకూడదు. 4 నెలలు గొంతుక్కూర్చోకూడదు. ఇది మనలాంటి ఇళ్లలో ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. పీటమీద భోజనం లేదు, బాసింపట్టు లేదు, గుళ్లో సాష్టాంగం లేదు, పాతకాలపు మరుగుదొడ్డి అసలే లేదు. మా ఇంట్లో మేడమెట్లు వేరే. అందుకే నెల తిరగకముందే మా చిన్నమామ వచ్చి, “మా ఇల్లు అంతా ఒక్క మట్టమే. కాలు కుదురుకునేదాకా అక్కడుండు” అని వత్రాప్ తీసుకుపోయాడు.

మంచం మీద ఉండగా పిల్లలు నాకు ధైర్యం చెప్పేవారు. 1994లో మోకాలు దెబ్బతిని, ఒకటికి మించి ఆపరేషన్లు చేయించుకున్న పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలవలేదా? 2016 ఆగస్టులో మోకాలికి ఆపరేషను అయిన సైనా నెహ్వాల్ ఏడాది తిరిగేసరికి గ్లాస్గోలో ప్రపంచ పోటీల కాంస్యం తేలేదా? నిజమే. కానీ ఆ రెండు తేదీల మధ్య రోజులు ఎలా గడిచాయో పేపర్లలో రాదు. నేను మంచం మీద కాలు చాపుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడకండ బిగించి పదంకెలు లెక్కపెట్టడం, వదలడం. మళ్లీ బిగించడం. రోజుకు మూడుసార్లు. పరుగెత్తిన కాలికి ఇదొక పనా అనిపించేది. ఒకరోజు టేపు పెట్టి కొలిస్తే కుడితొడ ఎడమదానికన్నా 3 సెంటీమీటర్లు సన్నబడి ఉంది. అప్పుడు నోరు మూసుకుని లెక్కపెట్టాను.

నాకు తొందర ఎందుకంటే, ఊరికి కొద్దిదూరంలో చతురగిరి ఉంది. తాణిపారై దగ్గర మొదలై, రాళ్లమీదుగా, వాగులు దాటుకుంటూ సుందర మహాలింగం గుడిదాకా ఎక్కాలి. మా నాన్న ఏటా ఆడి అమావాస్యకు మామతో కలిసి ఎక్కేవాడు. నాన్న పోయిన తర్వాత వచ్చే మొదటి ఆడి అమావాస్య అది. ఆ రోజు నేను పైన ఉండాలనుకున్నాను. ఆపరేషను జరిగింది మార్చిలో. ఆడి వచ్చేది నాలుగు నెలలు దాటాక. వేళ్లమీద లెక్క వేసుకుని సరిపోతుందనుకున్నాను.

ఊతకర్రలు వదిలాక మామ నన్ను పొద్దున్నే చెరువుకట్ట మీదికి తీసుకెళ్లేవాడు. మెత్తటి మట్టిదారి. ఒకపక్క నీళ్లు, కొంగలు. ఇంకోపక్క మళ్లు. మొదటిరోజు కట్టమీది వేపచెట్టు దాకా. వారానికి తూము దాకా. ఎముకల చివరి గుజ్జుకు రక్తనాళాలు లేవు. కాలు ఆనినప్పుడు నొక్కుకుని, ఎత్తినప్పుడు వదులై, కీలులోని నీటినుంచే అది ఆహారం పీల్చుకుంటుందని వ్యాయామం నేర్పినావిడ చెప్పింది. ఆ మాట మామకు చెబితే తూము చూపించాడు. “నీళ్లు నిలిచిపోయిన మడీ చెడతాది, ఎండిపోయిన మడీ చెడతాది. చూసి కట్టాల” అన్నాడు. ఎంత నడవాలో తెలుసుకోవడానికి నాకు చెప్పిన గుర్తు ఒక్కటే. నడిచేటప్పుడు మోకాలు చెప్పేదాన్ని నమ్మవద్దు, మర్నాడు పొద్దున ఏం చెబుతుందో వినాలి. వాపు, నొప్పి పెరగకుంటే ఇంకాస్త. పెరిగితే సగం.

జూన్‌లో ఆ గుర్తు మరిచిపోయాను. పిలవక్కల్ ఆనకట్ట చూడబోయి, ఎవరూ వద్దంటున్నా మెట్లన్నీ ఎక్కి దిగాను. ఎక్కినప్పుడు హాయిగానే ఉంది. దిగిన మర్నాడు మోకాలు మళ్లీ గుమ్మడికాయ. కృత్రిమ మోకాళ్లలో కొలత పరికరాలు అమర్చి జర్మనీలో లెక్క తీశారు, 2010లో ప్రచురించారు. చదును నేలమీద నడిస్తే మోకాలిమీద మన బరువుకు సుమారు రెండున్నర రెట్లు, మెట్లు దిగితే సుమారు మూడున్నర రెట్లు పడుతుందట. ఎక్కడం కష్టం, దిగడం సులభం అని ఇన్నాళ్లూ నేననుకున్నది గుండెకూ ఊపిరికీ సంబంధించిన మాట. మోకాలికి దిగడమే కష్టం. వారం రోజులు మళ్లీ తువ్వాలు, లెక్కలు. ఆ వారం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. “ఇప్పుడేం అవసరం అబ్బయ్యా? కొండ యాడికీ పోదు” అన్నాడు మామ. నాకు కోపం వచ్చింది. ఆయన ఏటా ఎక్కుతున్నాడు కాబట్టి అలా అంటున్నాడనుకున్నాను.

ఆడి అమావాస్య వచ్చింది. ఇంటి దగ్గర నాన్నకు తర్పణం విడిచి, మామా నేనూ తాణిపారై వెళ్లాం. ఇసకవేస్తే రాలని జనం. తలమీద మూటలతో ఆడవాళ్లు, భుజాలమీద పిల్లలతో తండ్రులు. కొంచెం దూరమైనా నడుద్దామని మొదలుపెట్టాం. మాంగనీ ఓడై అనే వాగు దగ్గర మామ బండమీద కూర్చున్నాడు. “నువ్వు పో మామా, నేనిక్కడే ఉంటా” అన్నాను. ఆయన కదలలేదు. కాసేపు నీళ్లవైపు చూసి, “నేనూ ఈడిదాకే. రెండేండ్లుగా ఈడిదాకే వచ్చి తిరిగిపోతుండా. మీ నాయనకు ఒక్కడికే తెలుసు” అన్నాడు.

ఆయనకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఊళ్లో అందరికీ దారి చూపించే పెద్దమనిషి, ఆ మాట చెప్పుకోలేక సాయంత్రం దాకా వాగు దగ్గర కూర్చుని, దిగివచ్చే వాళ్లతో కలిసి ఇంటికి వచ్చేవాడట. నాన్న కూడా చివరి ఏడాది ఆయన దగ్గరే ఉండిపోయాడట, తోడుగా. నాన్న పైకి వెళ్లలేదని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఎక్కడ నిలబడి నాన్నను తలుచుకోవాలనుకున్నానో, ఆయన ఆఖరిసారి అక్కడికి చేరనేలేదు. ఆయన కూర్చున్న బండ ఇదే. చాలాసేపు ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

కొండ ఎరిగినవాళ్లకు వెనక్కి తిరగడం సిగ్గు కాదని అప్పుడు మామే చెప్పాడు. 2015 మే నెలలో హఠాత్తుగా వరద వచ్చి ఈ కొండ వాగుల్లో భక్తుల ప్రాణాలు పోయాయి. వాగు రంగు మారితే ఎంత దగ్గరికొచ్చినా ఆగిపోవాలి. “వాగు దగ్గర తెలిసిన బుద్ధి మోకాలి దగ్గర లేకపోయె నాకు” అని నవ్వాడు.

ఆ తర్వాత మామనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నాకు చేసినట్టే గొట్టం పెట్టి బాగుచేయించుకోవచ్చని ఎవరో ఆయనకు చెప్పారట. వయసుతో వచ్చిన అరుగుదలకు అది పనికిరాదని డాక్టరుగారు నచ్చజెప్పారు. 2013లో ఫిన్లాండువాళ్లు 35 నుంచి 65 ఏళ్ల మధ్యనున్న 146 మందిని తీసుకున్నారు. దెబ్బ తగలకుండా వయసుతో మెత్త చిరిగినవాళ్లు వీళ్లు. కొందరికి నిజంగా కత్తిరించి, మిగతావారికి చేసినట్టు నటించి చూశారు. ఏడాది తర్వాత ఇద్దరికీ బాధ తగ్గడంలో తేడా కనిపించలేదు. కాబట్టి మామకు రాసిచ్చింది తొడకండల వ్యాయామం, కాస్త బరువు తగ్గడం, చేతికర్ర. అప్పటినుంచి పొద్దున్నే ఇద్దరం రెండు మంచాలమీద కాళ్లు చాపుకుని లెక్కపెట్టేవాళ్లం. మా అత్త “బళ్లో ఎక్కాలు చదువుతున్నట్టుంది” అనేది.

నేను తై అమావాస్యకు ఎక్కాను. ఆపరేషను జరిగి పది నెలలు దాటాయి. ముందు చెరువుకట్ట, తర్వాత ఇంటి అరుగు మెట్టు, తర్వాత ఆనకట్ట మెట్లు సగం, ఆ తర్వాత మొత్తం. ఒక్కొక్కటీ మర్నాటి పొద్దు ఒప్పుకున్నాకే. రెండు చేతుల్లో రెండు కర్రలు. జారుడుబండ అని అర్థం వచ్చే వళుక్కుప్పారై దగ్గర పిల్లలు నన్ను దాటి పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు. పైన దండం పెట్టుకుని, ఎక్కినదానికన్నా ఎక్కువసేపు తీసుకుని దిగాను. మాంగనీ ఓడై దగ్గర మామ ఆ బండమీదే కూర్చుని ఉన్నాడు. ఈసారి ఎవరికీ దాచకుండా, ఇంట్లో చెప్పే వచ్చాడు. విభూతి ఇస్తే నుదుట పెట్టుకుని, ముందు నా మోకాలు తడిమి చూశాడు. “రేపు పొద్దున చెప్తాది” అన్నాడు.

మర్నాడు పొద్దున వాపు లేదు. కట్టమీదికి నడకకు వెళ్లాం, వేపచెట్టు దాకా.

ఇటువైపు ఎప్పుడైనా వస్తే శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవిని చూసి, పాలకోవా కొనుక్కుని, వత్రాప్ దాకా రండి. కొండకు ఏ రోజుల్లో వదులుతారో అటవీశాఖవారిని ముందే కనుక్కోండి. వాన సూచన ఉంటే దారి మూసేస్తారు. ఎక్కలేనివాళ్లు వెంట ఉంటే ఇంట్లో వదిలేసి రావద్దు. వాగు దగ్గర నీడ ఉంది, కూర్చోవడానికి మంచి బండ కూడా ఉంది.