మూత మీద పేరు వేరు

2007 నుంచి 2020 దాకా మన దేశంలో చిన్న డీజిల్ కారు నడిపిన వాళ్ళలో చాలామంది నడిపింది ఫియట్ ఇంజనే. "మాది మారుతి కదండీ" అంటారేమో, కంగారు పడకండి. అక్కడికే వస్తున్నా.

1248 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి తయారుచేసిన ఈ ఇంజన్ 2003లో పోలెండ్‌లో ఉత్పత్తికి వెళ్ళింది. 2005లో తన సైజు తరగతిలో అంతర్జాతీయ ఇంజన్ ఆఫ్ ద ఇయర్ కూడా అయింది. దీని గొప్పదనం ఏంటంటే, డీజిల్‌ని ఒక్కసారే గుమ్మరించకుండా, ఒక్కో సైకిల్‌లో ఐదుసార్ల దాకా చిన్న చిన్న మోతాదుల్లో కొడుతుంది. ముందుగా ఓ చుక్క పడి మంట మెల్లగా అంటుకుంటుంది కాబట్టి పాత డీజిళ్ళలా టకటకా కొట్టుకోదు. ఎప్పుడు, ఎంత కొట్టాలో చెప్పేది ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్. అంటే మనవాళ్ళే అన్నమాట :)

ఇహ వేరియంట్ల సంగతి. ఫియట్ దీన్ని మల్టీజెట్ అంది. మారుతి డీడీఐఎస్ అంది. టాటా వాళ్ళు క్వాడ్రాజెట్ అని స్టిక్కర్ వేశారు. షెవర్లే స్మార్టెక్ అంది. మామూలు టర్బో పెడితే 75 హార్స్ పవర్. ఎగ్జాస్ట్ వాయువు వచ్చే దారిని సందర్భాన్ని బట్టి మార్చుకునే వేరియబుల్ టర్బో పెడితే 90. మొదటిది స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, విస్టాల్లో ఉండేది, రెండోది ఎర్టిగా, సియాజ్ లాంటి వాటిలో. షెవర్లే బీట్ కోసమైతే ఒక సిలిండర్ తీసేశారు. 1248ని నాలుగుతో భాగించి మూడుతో గుణించండి, 936. బీట్ డీజిల్ సరిగ్గా 936 సీసీ! ఒకే కోడ్ బేస్ నుంచి నలుగురు క్లయింట్లకు నాలుగు లోగోలతో డెలివరీ ఇచ్చిన వాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు.

సరే, ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్పాలి కాబట్టి.

మా బావగారు తెనాలి దగ్గర స్కూల్ టీచర్. 2009లో లోన్ పెట్టి ఇండికా విస్టా డీజిల్ కొన్నారు. నేను 2012లో నెలల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి స్విఫ్ట్ డీజిల్ కొన్నా. ఆ ఏడాదే మా గృహప్రవేశం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు బండ్లూ పక్కపక్కనే పెట్టాం. చుట్టూ చుట్టాలు, నా ఆఫీసు వాళ్ళు. ఎవరో రెండిటినీ పోల్చారు. "ట్యాక్సీ బండికీ దీనికీ పోలికేంటండీ" అనేశాను. నవ్వులు. బావగారు మాత్రం మెల్లగా, "రెండిటికీ ఇంజన్ ఒకటే అంటగా?" అన్నారు.

నాకు తెలుసు. ఫోరాల్లో రాత్రింబవళ్ళు చదివి మరీ కొన్నవాణ్ణి, తెలియకేం? ఆ ఏడాది జనవరిలో మారుతి ఫియట్‌తో ఒప్పందం కూడా చేసుకుంది, పూణే దగ్గర రంజన్‌గావ్ ఫ్యాక్టరీ నుంచి ఏటా లక్ష ఇంజన్లు తీసుకోవడానికి. టాటాలకి ఇంజన్లు వచ్చేదీ అక్కణ్ణుంచే. అయినా నోరు ఊరుకోదుగా. "ఇంజన్ ఒకటే బావగారూ, ట్యూనింగ్ వేరు" అన్నా. మళ్ళీ నవ్వులు. ఆయనా నవ్వారు.

పచ్చి అబద్ధం. విస్టాకీ స్విఫ్ట్‌కీ కాగితం మీద అవే 75 గుర్రాలు, అదే 190 న్యూటన్ మీటర్ల టార్క్. రెండు వేల ఆర్‌పీఎం దాటే దాకా రెండూ నిద్రమొహాలే.

2014లో అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండు డయాలసిస్‌లు, గుంటూరులో. హైదరాబాద్ తీసుకొస్తానన్నా, అమ్మ రానంది. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా అడగలేదు. రిలీజులు, ఆన్‌సైట్ కాల్స్... మీకు తెలియనిదేముంది. డబ్బు పంపేవాణ్ణి. ఫోన్ చేసేవాణ్ణి. తెల్లవారుజామున అమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళి, స్కూలు టైముకి వెనక్కి వచ్చి, సాయంత్రం మళ్ళీ వెళ్ళి తెచ్చింది బావగారు. మూడేళ్ళు. అక్క ఒకసారి చెప్పింది, గతుకులు ఎక్కడున్నాయో ఆయనకి కంఠస్థం అట, అమ్మకి కుదుపు తగలకుండా అక్కడ మూడో గేరు నుంచి రెండుకి దించేవారట.

2017లో అమ్మ పోయింది. ఆ పదకొండు రోజుల్లో ఓ సాయంత్రం ఏదో తేవడానికి విస్టా తాళాలు తీసుకుని స్టార్ట్ చేశా. ఓడోమీటర్ లక్షా నలభై ఆరు వేలు చూపిస్తోంది. నా స్విఫ్ట్ అప్పటికి ముప్ఫై ఎనిమిది వేలు, అందులో సగం ఆఫీసుకీ మాల్స్‌కీ. అదే ఇంజన్, అదే శబ్దం. కాసేపు బండి కదపలేకపోయాను.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. ఇంత చిన్న డీజిల్‌కి ఆ ఫిల్టర్లూ గట్రా పెట్టడం గిట్టుబాటు కాదని మారుతి డీజిల్‌కే స్వస్తి చెప్పింది. ఇక్కడ ఆ ఇంజన్ కథ దాంతో ముగిసింది. బావగారు మరుసటి ఏడాది విస్టాని అమ్మేశారు. ఎంతకో అడగలేదు. నా స్విఫ్ట్ ఇంకా ఉంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఎలాగో ధైర్యం చేసి చెప్పాను. "బావగారూ, ఆ రోజు ట్యూనింగ్ వేరు అన్నాను కదా, అది అబద్ధం. రెండూ ఒకటే."

ఆయన పేపర్ లోంచి తల ఎత్తకుండా, "తెలుసు. కొనేముందు నేనూ చదివానుగా" అన్నారు.

"మరి అప్పుడే అనలేదే?"

"నీ గృహప్రవేశం కదయ్యా" అని పేజీ తిప్పారు. తర్వాత, "ఇంతకీ బండికి ఆయిల్ మార్పిస్తున్నావా లేదా? తిప్పకుండా ఉంచితే ఎంత మంచి ఇంజనైనా పాడవుతుంది" అన్నారు.

వచ్చే శనివారం ఆయిల్ మార్పించి తెనాలి వెళ్తున్నా.