అమ్మబోని ఇంటి ధర

2022 మే నెల. ఫిలడెల్ఫియా నగరం ఇళ్లకు కొత్త విలువలు ప్రకటించిన రోజు సాయంత్రం, పాయింట్ బ్రీజ్ పేటలో కాపురముంటున్న ఒక తెనాలి అమ్మాయి కుక్కర్ పొయ్యి మీద పెట్టి లాప్‌టాప్ తెరిచింది. చిరునామా కొడితే చాలు, లెక్క కనిపిస్తుంది. పాత విలువ 2,50,000 డాలర్లు. కొత్త విలువ 3,30,000. ఐదేళ్ల కిందట కొన్న రో హౌస్ అది. అటు గోడ ఒకరిది, ఇటు గోడ మరొకరిది. కొన్నాక గది పెంచలేదు, అంతస్తు వేయలేదు. అయినా కాగితం మీద 80,000 డాలర్లు పెరిగింది.

తెనాలిలో అప్పటికి తెల్లవారుతోంది. వాళ్లమ్మ వాకిలి చిమ్మి, కాఫీ కలుపుకుంటూ ఫోనెత్తింది. అంతా విని ఒకటే అడిగింది.

“అదేం లెక్కే? ధరంటే అమ్మేవాళ్లకి కదా. ఉండేవాళ్లకి ధరేంటి?”

ఇంటి పన్ను మీద ప్రపంచంలో ఎన్ని వాదాలున్నా వాటన్నిటి మూలం ఈ ప్రశ్నలోనే ఉంది. జీతం మీద పన్నంటే చేతికొచ్చిన డబ్బులోంచి కడతాం. ఇంటి మీద పన్నంటే చేతికి రాని డబ్బు మీద, చేతిలో ఉన్న డబ్బుతో కట్టాలి. పెన్షన్ మీద బతికే మనిషికి వీధి ధర పెరిగితే ఒరిగేదేముంది?

వాళ్లమ్మ ఊరికే అడగలేదు. అంతకు ముందు ఏడాదే ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్ను పద్ధతి మారింది. అప్పటిదాకా ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుందో అంచనా కట్టి, ఆ అద్దె విలువ మీద పన్ను వేసేవారు. 2020లో చట్టం సవరించి, 2021–22 నుంచి స్థలం, కట్టడం కలిపిన మూలధన విలువ మీద పన్ను అన్నారు. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న ధరే దానికి ఆధారం. విజయవాడలో, విశాఖలో జనం రోడ్డెక్కారు. ఒక్కసారిగా భారం పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న హద్దు పెట్టారు. ఆ హద్దు చిన్నదేమీ కాదు. ఏటా 15 శాతం చొప్పున పెరుగుతూ పోతే ఐదేళ్లకు పన్ను రెట్టింపవుతుంది. తెనాలిలో ఆవిడ బిల్లు చూసుకుని ఉలిక్కిపడింది అందుకే.

ఇంతకీ ఫిలడెల్ఫియాలో ఆ 3,30,000 ఎక్కణ్నుంచి వచ్చింది? ఇంటి తలుపు తట్టి, గదులు చూసి వేసిన ధర కాదది. ఐదు లక్షలకు పైగా ఆస్తులున్నప్పుడు ఒక్కొక్కదాని లోపలికి వెళ్లి చూడటం ఏ నగరానికీ అయ్యే పని కాదు. కొన్నేళ్లలో జరిగిన అమ్మకాలు ముందు పోగుచేస్తారు. అన్నదమ్ముల మధ్య నామమాత్రపు ధరకు చేతులు మారినవి, బ్యాంకు వేలాల్లో పోయినవి పక్కన పెడతారు. మిగిలిన వాటిలో చదరపు అడుగుకు ఎంత, పేటను బట్టి ఎంత, కట్టడం వయసుకు ఎంత తగ్గుతుంది, గ్యారేజీ ఉంటే ఎంత కలుస్తుంది అని కంప్యూటరు చేత లెక్క కట్టిస్తారు. ఆ సూత్రాన్నే అమ్మకానికి రాని ఇళ్లన్నిటికీ వర్తింపజేస్తారు. వీధి చివర రెండిళ్లు మంచి ధరకు అమ్ముడైతే, ఆ వీధిలో ఎవరూ కదలకపోయినా అందరి విలువా కదులుతుంది.

ఈ పని తెలుగు నేలకు కొత్తది కాదు. 1800లో దత్త మండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పొలం పొలం కొలిపించి, నేల గుణాన్ని బట్టి శిస్తు కట్టించాడు. 1807లో వెళ్లిపోయే ముందు, ఆ శిస్తు భారమైందనీ నాలుగో వంతు తగ్గించాలనీ పైవాళ్లకు తానే సిఫారసు చేశాడు. నేల తరగతికి మన రెవెన్యూ లెక్కల్లో ‘తరం’ అనే మాట ఇప్పటికీ ఉంది. పక్కపక్క చేలకే తరం మారిందని గొడవలు పడిన ఊళ్లు మనవి. పక్కపక్క రో హౌసులకు విలువ మారితే వచ్చే గొడవా అలాంటిదే.

విలువ 32 శాతం పెరిగిందంటే పన్నూ 32 శాతం పెరుగుతుందని అందరూ అనుకుంటారు. ఆ అమ్మాయీ అలాగే అనుకుంది. కొన్ని వారాల తర్వాత భర్త పక్కన కూర్చుని లెక్క వేసింది. నగరంలో పన్ను రేటు 1.3998 శాతం. ఎవరింట్లో వాళ్లు ఉంటే విలువలోంచి కొంత తీసేస్తారు. దాన్ని హోమ్‌స్టెడ్ మినహాయింపు అంటారు. 2022లో అది 45,000 డాలర్లు. అంటే 2,05,000 మీద 2,869 డాలర్ల చిల్లర. కొత్త విలువలతో పాటు 2023కు ఆ మినహాయింపును 80,000కు పెంచారు. అంటే 2,50,000 మీద 3,499 డాలర్ల చిల్లర. పెరిగింది 630 డాలర్లు, 22 శాతం. తక్కువేం కాదు గానీ, మొదటి రోజు సాయంత్రం పడ్డ భయమంత లేదు.

ఆ ఏడు నగరంలో నివాసపు ఇళ్ల విలువ సగటున 31 శాతం పెరిగింది. రేటు మాత్రం మార్చలేదు. విలువలు పెరిగినప్పుడు రేటు కదపకుండా ఉంచడమంటే పన్ను పెంచడమే. నాయకులు ఆ మాట సూటిగా చెప్పాలి. చెప్పకుండా ‘మేం రేటు ముట్టుకోలేదు’ అంటే జనానికి మదింపు మీదే అనుమానం వస్తుంది. అయితే అదనంగా వచ్చే డబ్బులో కొంత వెనక్కి ఇచ్చారన్నదీ నిజం. మినహాయింపు పెంచడంతో పాటు, నగరవాసుల జీతాల మీద పడే పన్నును 3.79 శాతానికి తగ్గించారు.

మరి విలువలు ముట్టుకోకుండా పాతవే ఉంచేస్తే అందరికీ హాయి కదా? తెనాలి అమ్మగారి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఊళ్లో గుడి నడపడానికి ఏటా ఎకరానికి ఇంతని చందా వేశారనుకుందాం. ఇరవై ఏళ్ల తర్వాత ఒకరి ఎకరం నాలుగైంది, ఒకరి రెండెకరాలు ఒకటైంది. పాత పద్దు ప్రకారమే వసూలు చేస్తే, ఉన్నవాడి చందా లేనివాడు కడుతున్నట్టే. ఆ పద్దులో ఎవరూ ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టినట్టు కనిపించదు. అందుకే ఆ అన్యాయం ఏళ్ల తరబడి సాగుతుంది.

ఫిలడెల్ఫియాలో జరిగింది సరిగ్గా అదే. 2014కు ముందు ఆస్తి విలువలో 32 శాతం మీద పన్ను వేసేవారు, 2013లో రేటు 9.771 శాతం. ఆ విలువలూ ఎప్పటివో పాతవి. ధరలు ఎగబాకిన పేటల్లో పెద్ద ఇళ్లకు తక్కువ పన్ను, ధరలు పడిపోయిన పేటల్లో చిన్న ఇళ్లకు ఎక్కువ పన్ను. 2009లో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఈ మదింపుల లోగుట్టు వరసగా బయటపెట్టింది. 2010లో ఓటర్లు మదింపు చేసే పాత బోర్డును రద్దు చేయమన్నారు. మదింపు పని కొత్త కార్యాలయానికి వెళ్లింది. అప్పీళ్లు వినే పని మాత్రం కోర్టు తీర్పుతో పాత బోర్డుకే మిగిలింది. తర్వాత మేయర్ మైకేల్ నటర్ హయాంలో ‘యాక్చువల్ వేల్యూ ఇనిషియేటివ్’ పేరుతో నగరమంతా ఒక్కసారే పూర్తి మార్కెట్ విలువ కట్టారు. రేటు 1.34 శాతానికి దిగింది. కొన్ని పేటల్లో పన్ను తగ్గింది. పాయింట్ బ్రీజ్, ఫిష్‌టౌన్ లాంటి చోట్ల విలువలు మూడింతలు దాటిన ఇళ్లూ ఉన్నాయి. దశాబ్దాల బాకీ ఒక్క రోజు కట్టమన్నట్టయింది ఆ ఇళ్లవాళ్లకు. తప్పు ఆ రోజు వేసిన లెక్కది కాదు, అన్నేళ్లు వేయకుండా ఉన్న లెక్కది.

నగరం పొలిమేర దాటితే ఇంకా వింత. పక్కనే ఉన్న బక్స్ కౌంటీ అంతటినీ కలిపి మదింపు చేసింది చివరిసారి 1972లో. పెన్సిల్వేనియా చట్టం ఇన్నేళ్లకోసారి తప్పనిసరిగా చేయాలని చెప్పదు. కనుక మొన్న మొన్న కట్టిన ఇంటికి కూడా 1972 నాటి విలువలతోనే పొంతన కుదర్చాలి. అక్కడి తెలుగు మిత్రుల ఇళ్లకు వెళ్లి మదింపు కాగితం చూస్తే, ఆ అంకెలో ఒక కారు కూడా రాదనిపిస్తుంది. రేటు మాత్రం ఆ మేరకు పైకెక్కి ఉంటుంది. తన ఇంటి విలువ సరిగ్గా కట్టారో లేదో తెలుసుకునే వీలే మామూలు మనిషికి లేకుండా పోతుంది. ఫిలడెల్ఫియాలో ఏ కొరత ఉన్నా, కాగితం మీది ధర చూసి ‘ఇది ఎక్కువ’ అనో ‘ఇది సబబే’ అనో ఇంటివాళ్లు చెప్పగలరు. ఎక్కువనిపిస్తే అక్టోబరు మొదటి సోమవారం లోపు అప్పీలు చేసుకోవచ్చు.

అయినా అమ్మగారి ప్రశ్న పూర్తిగా తీరలేదు. అది పక్కింట్లో ఎదురైంది.

పక్కింటి పెద్దావిడ ఆ వీధిలోనే పుట్టి పెరిగిన నల్లజాతి మహిళ. డెబ్బై దాటాయి. తెలుగు జంట కొత్తగా చేరినప్పుడు చెత్త డబ్బాలు ఏ రోజు బయట పెట్టాలో చెప్పింది ఆవిడే. ఆవిడ ఇంటి విలువ 1,10,000 నుంచి 1,90,000కు పెరిగింది. ‘ఇల్లు అదే, మెట్లు అవే. మీలాంటి వాళ్లొచ్చి ఎక్కువ పెట్టి కొన్నారు, నా పన్ను పెరిగింది’ అంది. కోపంగా అనలేదు. అది నిజమని తెలిసి తెనాలి అమ్మాయి ఏమీ అనలేకపోయింది.

ఆదివారం పూట ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఇలాంటి వాళ్ల కోసం నగరం చేసిన ఏర్పాట్లు లేకపోలేదు. విలువ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పెరిగి, ఇంట్లో పదేళ్లు దాటి ఉంటూ, ఆదాయం హద్దులో ఉంటే ‘లూప్’ అనే పథకం ఆ పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. కానీ లూప్, హోమ్‌స్టెడ్ రెండూ కలిపి ఇవ్వరు. ఏదో ఒకటే. లెక్క వేసి చూస్తే ఆవిడకు హోమ్‌స్టెడే మేలు. దాంతో పన్ను 1,540 డాలర్ల దగ్గర ఆగుతుంది. 65 ఏళ్లు దాటిన తక్కువ ఆదాయం వాళ్లకు పన్నును ఉన్నచోటే నిలిపే పథకం మరొకటి ఉంది. ఆవిడకు కావాల్సింది అదే. ఇన్ని పథకాల్లో ఏది తనకు లాభమో చదువుకున్నవాళ్లే కాగితం, కాలిక్యులేటరు పెట్టుకుని తేల్చుకోవాల్సి రావడం మాత్రం బాగోలేదు. అర్హత ఉన్న ముసలివాళ్ల ఇంటికి నగరమే ఫారం నింపి పంపితే, ఈ మదింపులంటే ఉన్న భయం సగం పోతుంది.

ఫారంలో యజమాని పేరు దగ్గర పెద్దావిడ కలం ఆగింది. లోపలికెళ్లి బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చింది. అందులో దస్తావేజు ఉంది. పేరు ఆవిడది కాదు, ఎప్పుడో పోయిన వాళ్లమ్మది. పన్ను కట్టింది, కప్పు వేయించింది, పిల్లల్ని పెంచింది ఈవిడే. పేరు మార్పించుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఫిలడెల్ఫియాలో ఇలా చిక్కుపడిన హక్కులతో ఉన్న ఇళ్లు 10,000కు పైగా ఉన్నాయని ప్యూ అనే పరిశోధన సంస్థ 2021లో లెక్క తేల్చింది. పత్రం తమ పేరున లేనివాళ్లకు నగరం కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, వారసులమని చూపే కాగితాలు కావాలి. మరణ ధ్రువపత్రం, తోబుట్టువుల సంతకాలు, కోర్టు ఖర్చు. ఉచితంగా సాయం చేసే న్యాయవాదుల నంబరు వెతికి, సోమవారం పొద్దున్నే ఫోన్ చేద్దామనుకున్నారు.

ఆ రాత్రి తెనాలికి మళ్లీ ఫోన్ వెళ్లింది.

“అమ్మా, మన ఇంటి పన్ను రసీదు ఎవరి పేరు మీదొస్తుంది?”

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత బీరువా తలుపు తీస్తున్న కిర్రుమన్న శబ్దం.

“మీ తాతయ్య పేరు మీదే వస్తందే. మార్పిద్దాం మార్పిద్దాం అంటా మీ నాన్న ఉన్నన్నాళ్లూ గడిపేశారు. ఉండు, కళ్లజోడు పెట్టుకుని చూసి చెప్తా.”