డాక్టరుకు చెప్పని మందు

ముట్లు ఆగిపోయిన మా వదిన ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బీపీ బిళ్లలు, థైరాయిడ్ బిళ్లలు సంచిలో పెట్టుకునేది. వంటింటి అలమరలో ఉన్న సోయా పొడి, అవిసె గింజలు, శతావరి చూర్ణం ఇంట్లోనే ఉండిపోయేవి. వాటిని తను మందులుగా లెక్కెయ్యలేదు. చాలామంది ఆడవాళ్లూ అంతే.

రాత్రిళ్లు ఆవిర్లు పుట్టి, జాకెట్టు తడిసిపోయి లేచి కూర్చునేది పాపం. ఎవరో చెప్పారని పొద్దున్నే థైరాయిడ్ బిళ్ల వేసుకుని, వెంటనే సోయా పొడి పాలల్లో కలుపుకుని తాగడం మొదలుపెట్టింది. కొన్ని నెలలకు థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగింది. బిళ్ల డోసు పెంచబోయిన డాక్టరమ్మ ఆగి, "దీంతోపాటు ఇంకేం తీసుకుంటున్నారమ్మా?" అని అడిగింది. సోయా, పాలలోని కాల్షియం రెండూ ఆ బిళ్లను ఒంటికి సరిగా పట్టనివ్వవట. డోసు అలాగే ఉంచి, బిళ్లకూ ఆ పాలకూ నాలుగు గంటల ఎడం పెట్టమంది. తర్వాతి పరీక్షలో అంకె దిగింది.

చెట్టుమందు కాబట్టి హాని చెయ్యదన్న మాటను అప్పటినుంచి నేను ఒప్పుకోను. పని చేసేదేదైనా ఒంట్లో రసాయనంగానే పని చేస్తుంది. సోయాలోని జెనిస్టీన్, బలహీనంగానే అయినా, ఈస్ట్రోజన్ అంటుకునే చోటే అంటుకుంటుంది. అందుకే రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు ఇలాంటి బిళ్లలు, పొడులు డాక్టరును అడక్కుండా వాడకూడదు. అశ్వగంధ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ల సంగతులు వైద్యపత్రికల్లో వచ్చాయి.

మరి ఉపశమనం మాటేమిటి? అమెరికాలో 188 మంది స్త్రీలపై జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. ఆరు వారాలు సగం మందికి అవిసె గింజల బార్లు, తక్కినవాళ్లకు అవిసె లేని బార్లు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ మూడోవంతుకు పైగా స్త్రీలకు ఆవిర్ల బాధ సగానికి తగ్గింది. అవిసె వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అలాగని "నాకు తగ్గింది" అన్న వదిన మాట అబద్ధమనను. అలాంటి పరీక్షల్లో ఆవిర్లు ఎన్నిసార్లు వచ్చాయో, ఎంత బాధపెట్టాయో రోజూ రాసుకుంటారు, వాటి గురించి అడిగే మనిషి ఉంటారు. మా ఇంట్లో వదినను అలా అడిగినవాళ్లు లేరు. అక్కడి స్త్రీలకు తగ్గడంలో ఆ పలకరింపుకూ వాటా ఉంటుందని నా నమ్మకం.

ముట్లు ఆగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే మాత్రం, అది ఒక్క చుక్కే అయినా, శతావరితో సర్దుకుంటుందిలే అని ఆగకూడదు. గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్ చాలాసార్లు మొదట బయటపడేది అలాగే. ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి, అలమరలో ఉన్నవన్నీ సంచిలో వేసుకుని మరీ.