ఆసు పోసిన చెయ్యి

కుడి భుజం పైకి లేవడం లేదని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకు ఎన్ని గంటలు మౌస్ పట్టుకుంటారు?" అని. తొమ్మిది, పది గంటలన్నాను. మౌస్ దగ్గరగా జరుపుకోమన్నారు. కుర్చీ చేతులు మోచేతి ఎత్తుకు సర్దుకోమన్నారు. గంటకోసారి లేచి నడవమన్నారు. ఆఫీసులో ఒక ఫారం నింపి ఇస్తే వారం తిరిగేసరికి కొత్త కుర్చీ వచ్చింది.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా పోచంపల్లిలో ఉన్న మా చిన్నమ్మ గుర్తొచ్చేది. ఆమె కుడి చెయ్యి భుజం దాటి లేవక పదేళ్లు దాటింది. జడ వేసుకోవాలన్నా కోడలు సాయం కావాలి. రోజుకు చెయ్యి ఎన్నిసార్లు ఎత్తుతావని ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు. నేనూ అడగలేదు. మొన్న దసరా సెలవులకు ఆ సంగతి అడుగుదామనే బయల్దేరాను.

హయత్‌నగర్ దాటాక విజయవాడ రహదారి వదిలి ఎడమకు తిరిగితే రోడ్డుకు రెండు వైపులా వరి పొలాలు, తాటిచెట్లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి పోచంపల్లి యాభై కిలోమీటర్ల లోపే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం అక్కడే మొదలైంది. అందుకే ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అప్పటి నుంచి ఆదివారాలు కార్ల రద్దీ పెరిగిందని బాబాయి అంటాడు.

వచ్చినవాళ్లు వినోబా మందిరం చూస్తారు, చీరల దుకాణాలు చూస్తారు, ఎవరింట్లోనైనా మగ్గం ముందు నిలబడి ఫొటో దిగుతారు. గుంటలో కాళ్లు పెట్టి పావులు తొక్కుతూ నేసే మనిషి అందరికీ కనిపిస్తాడు. ఆసు పోసే మనిషి మాత్రం కనిపించదు. ఆ పని వెనకింట్లో, వంటకూ నీళ్లకూ మధ్య, ఆడవాళ్లు చేసేది.

నేను భుజం పట్టుకుని లోపలికి వెళ్లగానే చిన్నమ్మ నవ్వింది. "ఏందిరా, చెయ్యి గట్ల పట్టుకున్నవ్? నీక్కూడా ఆసు పోసే రోగం వచ్చిందా?"

అటక మీద నుంచి పాత ఆసు చట్రం దింపించి చూపించింది. ఒక కొసన ఒక్కటే మేకు. మీటరు దూరంలో ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. నూలు పోగును ఈ కొస మేకు చుట్టూ తిప్పి, చెయ్యి చాపి అవతలి వరసలో ఒక మేకుకు తగిలించి, మళ్లీ వెనక్కి రావాలి. తర్వాత పక్క మేకు. ఇట్లా పేక నూలంతా విసనకర్రలా పరుచుకుంటుంది. దాని మీదే డిజైను గీసి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో చిటికి కడతారు. ఆ తర్వాతే అద్దకం, నేత. ఇక్కత్ చీరలో పువ్వు పువ్వులా, ఏనుగు ఏనుగులా కనబడాలంటే ఆసులో ఒక్క పోగు కూడా తప్పకూడదు.

ఒక చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు ఇటూ అటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. చిన్నమ్మ పని ఎక్కువున్న రోజుల్లో రెండు చీరలకు పోసేదట. నేను అక్కడే ఫోన్ తీసి లెక్క వేశాను. ఒక్కసారికి మీటరు అనుకున్నా చీరకు తొమ్మిది కిలోమీటర్లు. ఐదారు చీరలకు పోసిందంటే ఆమె చెయ్యి పోచంపల్లి నుంచి హైదరాబాద్ దాకా వెళ్లినట్టే. ఈ లెక్క చెప్తే, "నేనైతే బస్సులనే పోయిన బిడ్డా" అంది.

ఈ బాధను చూసి ఊరుకోలేని మనిషి ఒకరు ఇదే జిల్లాలో ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే అవస్థ చూస్తూ పెరిగారు. చదువు బడిలోనే ఆగిపోయింది. 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. నూలును ముందుకూ వెనక్కూ లాగడం ఒక ఎత్తయితే, దాన్ని మేకు చుట్టూ తిప్పి పక్క మేకుకు మార్చడం ఇంకో ఎత్తు. అక్కడే ఏళ్ల తరబడి చిక్కుపడింది. డబ్బులూ అయిపోయాయి. పొట్టకూటికి హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేస్తుండగా, బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూసి ఆ చిక్కుముడి విప్పుకున్నారు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో 'మల్లేశం' సినిమా వచ్చాక ఊరూరా ఆ కథ తెలిసింది.

చిన్నమ్మ ఇంటి ఎదురింట్లో ఆ యంత్రం ఉంది. వెళ్లి చూశాను. మోటారు తిరుగుతుంటే లోహపు చెయ్యి పోగును తీసుకెళ్లి మేకుకు తగిలించి వెనక్కి వస్తోంది. గంటన్నరలో చీర ఆసు అయిపోతుంది. పక్కన కూర్చున్న ఆమె పోగు తెగినప్పుడు మాత్రం లేచి ముడివేసి, మళ్లీ కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

బాబాయి లెక్కల పుస్తకంలో ఒక విషయం కనిపించింది. పాత పేజీల్లో నూలు, రంగులు, అద్దకం ఖర్చులన్నీ రాసి ఉన్నాయి. ఆసు లేదు. అది ఇంటి ఆడవాళ్లు చేసే పని, కాబట్టి ఖర్చు కిందికి రాలేదు. ఎదురింటి యంత్రం మీద పోయించడం మొదలైన నాటి నుంచి 'ఆసు కూలి' అని కొత్త వరస వచ్చింది. "మరి అంతకుముందు చిన్నమ్మ కూలి?" అన్నాను. బాబాయి కళ్లద్దాలు తుడుచుకున్నాడు గానీ జవాబు చెప్పలేదు.

ఆసు తప్పింది కానీ చిన్నమ్మ ఖాళీగా లేదు. ఇప్పుడు చిటికి కడుతోంది. నేల మీద కూర్చుని, ఒళ్లో వాలినట్టుండే చట్రం మీదికి వంగి, ముడి తర్వాత ముడి. సాయంత్రానికి మెడ పట్టేస్తుందంది. మనలోని ఇంజినీరు లేచాడు. ఫిజియోథెరపిస్టు చెప్పిన సూత్రం ఉందిగా, పనిని కళ్ల దగ్గరికి తేవాలని. పెరట్లోంచి నాలుగు ఇటుకలు తెచ్చి చట్రం నాలుగు కాళ్ల కిందా పెట్టాను.

చిన్నమ్మ పది నిమిషాలు కట్టింది. "మెడకు మంచిగున్నది. గని చెయ్యి లేస్తలేదురా" అంది. చట్రం పైకి లేచింది కాబట్టి అవతలి ముళ్లకు చెయ్యి ఇంకా పైకెత్తాలి. భుజం నొప్పి గురించి మూడు నెలలుగా చదువుతున్న నాకే ఆ మాట తట్టలేదు. పైగా వాకిట్లోంచి వచ్చే వెలుగు ముళ్ల మీద పడకుండా పోయింది. సిగ్గేసింది. నేను మెడ ఒక్కటే చూశాను, మనిషి మొత్తాన్ని చూడలేదు.

"ఇటుపక్కవి రెండు తీసెయ్" అంది. తీశాను. చట్రం ఆమె వైపు ఏటవాలుగా వాలింది. "గొంగడి మడతేసి ఇయ్యి." ఇచ్చాను. దాని మీద కూర్చుంది. వెలుగు పడేలా తనే కాస్త పక్కకు జరిగింది. మోచెయ్యి మోకాలి మీద ఆనించుకుని ముడి వేసింది. చెయ్యి లేవలేదు, మెడ అంతగా వంగలేదు. ఆ పూటంతా ఆమె పక్కనే కూర్చున్నాను. ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు చెయ్యి దించి దులుపుకుంటుందో చూశాను. మల్లేశంగారికి ఏడేళ్లు ఎందుకు పట్టిందో కొంచెం అర్థమైంది. తల్లి పక్కన ఉండి చూసిన మనిషి కాబట్టే నొప్పి ఎక్కడుందో ఆయనకు తెలుసు.

తిరుగు ప్రయాణమయ్యే ముందు నా కొత్త కుర్చీ ఫొటో చూపించాను. "దీనికెంత?" అంది. చెప్పాను. "అమ్మో" అని కాసేపు చూసి, "కంపెనీయోళ్లు ఇచ్చిండ్రా? పోనీ, మంచిగ కూసో" అంది.

వారం తర్వాత ఫోన్ చేస్తే ఇటుకలు తీసేశానంది. నా గుండె జారింది. "కదులుతున్నయిరా. వడ్లాయనకు చెప్పి రెండు చెక్కలు కోయించిన, జానెడు లేవు. ఇప్పుడు మెడ అంత గుంజుతలేదు" అంది. ఎదురింటామె కూడా వచ్చి వాటి ఎత్తు జానతో కొలుచుకుని వెళ్లిందట.