పదహారు కాదు నాన్నా, నలభై ఎనిమిది!

మా ఇంట్లో నలభై ఏళ్లుగా తెగని తగాదా ఒకటుంది. బాబాయ్ ఇంగ్లండ్‌లో చదువుకునే రోజుల్లో, తిండి ఖర్చు మిగుల్చుకుని జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటర్ కొన్నాడు. 48కే మోడల్ అని ఆయన మాట. ఇక్కడికొచ్చిన కొన్నాళ్లకి, కాస్త పెద్ద ప్రోగ్రామ్ ఎక్కిస్తే చాలు ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అనడం మొదలెట్టింది. “16 అంటగట్టి 48 డబ్బులు గుంజారు వీడి దగ్గర” అని నాన్న తేల్చేశారు. ఇక ప్రతి పండక్కీ అదే జోకు. బాబాయ్ కూడా నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

మొన్న దాన్ని అటక మీంచి దించాను. పైనుంచి చూస్తే ఏం తెలీదు. రెండు మోడల్స్‌కీ డబ్బా ఒకటే, రబ్బరు కీలు ఒకటే, ఆన్ చేస్తే వచ్చే ‘1982 సింక్లెయిర్ రీసెర్చ్’ లైనూ ఒకటే. ధరలోనే తేడా: 1982లో మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒకటి 125 పౌండ్లు, రెండోది 175. (మీ ఫోన్లో ఒక్క ఫొటోకి పట్టే చోటులో ఇలాంటి 48కేలు యాభై దాకా ఇరికించొచ్చు. నవ్వకండి.)

సరే, మెషీన్‌నే అడిగా. ‘ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733’ అని కొడితే మెమరీలో చివరి అడ్రస్ చెబుతుంది. 65535 వస్తే 48కే. 32767 వస్తే 16కే. నాకొచ్చింది 32767.

నాన్న గెలిచినట్టే కదా? కాదు. ఆన్ చేయగానే ఇది తన మెమరీని తానే పరీక్షించుకుంటుంది. ఎక్కడ ఒక బైట్ సరిగ్గా పలకకపోతే అక్కడితో ఆగిపోయి, ‘నాకున్నది ఇంతే’ అని రాసుకుంటుంది. అంటే పై 32కే అసలు లేకపోయినా అదే జవాబు, ఉండి పాడైపోయినా అదే జవాబు.

ఇక మూత తీయాల్సిందే. దానికి ముందు బోర్డు ఏ వర్షన్ అన్నది బయటనుంచే చూడొచ్చు. కీబోర్డు పోర్టు 254ని చదివే చిన్న ప్రోగ్రామ్ రాసి, ఏ కీ నొక్కకుండా ఉంటే పాత బోర్డులు 255 చూపిస్తాయి. ఇష్యూ 3, ఆ తర్వాతవి 191 అంటాయి. మనది 191.

స్క్రూలు విప్పి మూత మెల్లగా ఎత్తా. కీబోర్డు నుంచి వచ్చే రెండు పల్చటి రిబ్బన్లు ఇన్నేళ్లకి ఎండుటాకుల్లా అయ్యాయి, లాగితే అంతే సంగతులు. బోర్డు మీద ‘ఇష్యూ 3బి’ అని ఉంది. కింది 16కేకి ఎనిమిది చిప్స్ ఎలాగూ ఉంటాయి. నా కళ్లు వెతికింది ఐసీ 15 నుంచి 22 వరకు. 16కే మోడల్‌లో అక్కడ ఖాళీ.

ఇందులో ఎనిమిదీ ఉన్నాయి! సాకెట్లలో తర్వాత గుచ్చినవి కాదు, బోర్డుకే సోల్డర్ చేసినవి.

ఆ చిప్స్ కథ ఇంకా గమ్మత్తు. 64 కిలోబిట్ల చిప్స్‌లో సగం పాడైనవాటిని సింక్లెయిర్ చవగ్గా కొని, మంచి సగాన్నే వాడుకుంది. ఏ సగం మంచిదో బోర్డు మీదున్న ఒక లింకు చెబుతుంది. ఇప్పుడు ఎనిమిదిలో ఏది పోయిందో పట్టుకుని, అదే సగం బాగున్న చిప్ వెతకాలి. లేదా పూర్తిగా బాగున్నది వేయాలి.

ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. నాన్న జూమ్ చేసి రెండుసార్లు లెక్కపెట్టారట, అమ్మ చెప్పింది. కాసేపటికి బాబాయ్ మెసేజ్: “అన్నయ్యా, పదహారు చిప్సున్నాయి. సరిగ్గా లెక్కపెట్టావా?”

నాన్న ‘టైపింగ్’ అని చాలాసేపు కనిపించింది.